నల్లాకు కట్టిన గుడ్డ

"ఇయ్యాల వద్దు రాజమ్మా."

తలుపు తెరవకుండానే లోపలి నుంచి మాట వచ్చింది. ఆ పొద్దున అది పదకొండో ఇల్లు. రాజమణి పాల క్యాన్‌ను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. ఈ వేళకు సగం ఖాళీ కావలసిన క్యాన్ భుజాన్ని ఇంకా గుంజుతూనే ఉంది. ఆమె నిలబడలేదు. నిలబడితే ఏడుపొస్తుందో తిట్టొస్తుందో తనకే తెలియదు. పక్క ఇంటికి నడిచింది.

ఉప్పుగూడ రైల్వే స్టేషన్ వెనక కమాన్ గల్లీ ఉంది. గల్లీ నడుమ పెచ్చులూడిన రాతి కమాన్. దానికి ఇవతల హిందువుల ఇళ్లు, అవతల ముస్లింల ఇళ్లు. పండక్కి పలకరింపులు, చావుకు పరామర్శలు ఉన్నాయి గానీ, రెండు వైపులా రోజూ వంటింటి దాకా వెళ్లే మనిషి రాజమణి ఒక్కతే. నాలుగు బర్రెలు, ముప్పై ఏళ్ల వాడిక. ఎవరి కోడలు అలిగిందో, ఎవరి పొయ్యి వెలగలేదో ఆమెకు తెలుసు. ఒక ఇంట్లో చూసింది ఇంకో ఇంట్లో చెప్పదు. ఆ నోరు కట్టే ఆమె పెట్టుబడి.

నెల రోజుల్లో గల్లీలో ఆరుగురికి పచ్చకామెర్లు వచ్చాయి. ఆరు ఇళ్లూ రాజమణి పాలు పోయించుకునేవే. గల్లీ మొత్తం ఆమె పాలే పోయించుకుంటుందన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుకు రాలేదు. "పాలల్ల ఏం నీళ్లు కలుపుతదో ఏమో" అని ఎవరో అన్నారు. ఆ మాట ఆమె కంటే ముందే ప్రతి గడపకూ చేరుతోంది.

కమాన్ దాటగానే మొదటి ఇల్లు కుబ్రాది. లాడ్ బజార్ దుకాణాల కోసం లక్క గాజుల మీద రాళ్లు అతికించే పని ఆమెది. కోడలు ఫిర్దౌస్ ఏడో నెల కడుపుతో, కళ్లు పసుపు పచ్చగా, ఆసుపత్రిలో పడి ఉంది. ఆ రోజు కుబ్రా తలుపు వేసుకోలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఆగు అక్కా. కసం తిని చెప్పు. పాలల్ల నీళ్లు కలుపుతవా లేదా?"

"కలుపుత" అంది రాజమణి.

కుబ్రా రెండు చేతులూ గుమ్మానికి ఆనించింది.

"లీటరుకు పావు. ముప్పయ్యేండ్ల సంది కలుపుతున్న. నీకు తెల్వదా? తెల్సి కూడ పోయించుకుంటున్నవ్. కని గా నీళ్లు యాడివి బీబీ? నీ నల్లాల వచ్చేటియే నా నల్లాల వస్తయ్. నాకేమన్న వేరే చెరువున్నదా? పాలన్న కాగబెట్టుకుంటవ్. నీళ్లు కాగబెట్టుకుంటవా?"

కుబ్రా పక్కకు జరిగింది. చెయ్యి పట్టి లోపలికి తీసుకుపోయింది. వంటింటి మూల పరదా వెనక నల్లా, నల్లా మూతికి తాడుతో బిగించిన పాత దుపట్టా ముక్క. కుబ్రా విప్పి చూపించింది. ముక్క అడుగున నల్లటి జిగురు. మురుగు మోరీ వాసన.

"మా పైపొక్కటే ఖరాబ్ అయిందనుకున్న" అంది కుబ్రా, తలుపు వైపు చూస్తూ. "బయట చెప్తే మా ఇంట్ల చాయ్ ఎవ్వరు తాగుతరు?"

రాజమణి గోడకు ఆనుకుంది. ఇలాంటి గుడ్డ తన నల్లాకూ ఉంది. కమాన్ ఇవతల రామ్‌చందర్ సార్ ఇంట్లో ఉంది. అవతల షఫీఉద్దీన్ చాచా ఇంట్లో ఉంది. ఏడాదిగా ప్రతి వంటింట్లో చూస్తూనే ఉంది. ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో చెప్పకూడదన్న నియమం కొద్దీ నోరు మూసుకుంది. ముప్పై ఎనిమిది ఇళ్లూ ఒకే మురికిని ఎవరికి వారే దాచుకున్నాయి. దాన్ని అన్ని చోట్లా చూసిన మనిషి తనొక్కతే.

ఆ రోజు నుంచి ఆమె కాలు నిలవలేదు. బర్రెలకు గడ్డి వేసి గల్లీలోకి, పాలు పితికి మళ్లీ గల్లీలోకి. "మీదొక్కటే కాదమ్మా, కుబ్రా బీ ఇంట్ల గట్లనే ఉన్నది." "మీదే కాదు చాచా, సార్ ఇంట్ల గూడ." ముప్పై ఏళ్లు చెప్పని మాటలన్నీ వారంలో చెప్పేసింది. కొందరు వింతగా చూశారు. కొందరు "మా ఇంటి సంగతి ఎవరికి చెప్పినవ్?" అని లొల్లి పెట్టారు.

చివరికి ఇవతల రిటైర్డ్ గుమాస్తా రామ్‌చందర్ కలం తీశాడు. అవతల కిరాణా దుకాణం షఫీఉద్దీన్ కూడా తీశాడు. ఒకే పైపు మీద రెండు అర్జీలు. కలిపి రాయండయ్యా అంటే, ముందు ఎవరి సంతకం ఉండాలన్న దగ్గర రెండు రోజులు గడిచాయి. పెద్దమనుషులకు రోగం కంటే వరస ముఖ్యం. రెండు కాగితాలూ వేర్వేరుగానే నీళ్ల ఆఫీసుకు వెళ్లాయి.

ఆఫీసు నుంచి నిజంగానే ఒక సాబ్ వచ్చాడు, సీసాలు పట్టుకొని. అసలు తప్పు అప్పుడే జరిగింది.

వస్తున్నాడని ముందే కబురు తెలిసింది. గల్లీ ఊడ్చారు. ఇవతల ముగ్గులు పడ్డాయి. అవతల కుర్చీ మీద కొత్త దుప్పటి పరిచారు. ఆడవాళ్లు నల్లాల గుడ్డలు విప్పి దాచేశారు, నల్లాలను చింతపండుతో తోమారు. సాబ్ సీసా చాపితే లోపలికి పట్టుకెళ్లి, కొనుక్కున్న క్యాన్ నీళ్లు నింపి ఇచ్చారు. ఒక ఇంట్లో కాదు, అడిగిన నాలుగిళ్లలోనూ. రాజమణి ఆ పూట కమాన్ కింద సాబ్‌కు చాయ్ పెట్టే హడావిడిలో ఉంది. చిక్కటి పాలు, ఒక్క చుక్క నీళ్లు కలపలేదు.

పది రోజులకు కాగితం వచ్చింది. నీళ్లు బాగున్నాయి. అర్జీలు రెండింటినీ మూసేశారు.

"ఏం పని చేసినవమ్మా నువ్వు?" సీసాల సంగతి అప్పుడు తెలిసిన రాజమణి రామ్‌చందర్ భార్య యశోద ముందు అరిచినంత పని చేసింది.

"ఇంటికొచ్చినాయినకు మురికి నీళ్లెట్ల ఇస్తం రాజమ్మా? ఏమనుకుంటడు?" అంది యశోద. ఆమె మొహంలో అబద్ధం లేదు.

కుబ్రా దగ్గరికి పోతే ఆమె కళ్లెత్తలేదు. "నేను గూడ గదే ఇచ్చిన అక్కా. చెయ్యి రాలే."

దీన్ని అమాయకత్వం అనడానికి వీల్లేదు. మురికి పంపినవాడు సిగ్గుపడలేదు, తాగినవాళ్లు సిగ్గుపడ్డారు. ఈ నగరంలో ఎన్నో గల్లీల నోళ్లు ఇట్లాగే కట్టేసి ఉన్నాయి.

నీళ్లు బాగుంటే మరి దోషం ఎవరిది? రామ్‌చందర్ మాట పైకి అనలేదు. రాజమణి చేతిలోని క్యాన్ వైపు చూశాడు, అంతే. మర్నాటికి ఇరవై మూడు ఇళ్లు పాలు మానేశాయి. అమ్ముడుపోని పాలు విరిగి, పాకంతా పులిసిన వాసన. రాజమణి భర్త ఓదెలు బర్రె వీపు నిమురుతూ అన్నాడు: "రెండింటిని అమ్మేద్దామే. ఊకో ఇగ."

"అమ్మితే నేనే తప్పు జేసినట్టు" అంది రాజమణి. బర్రెను కట్టే పలుపు తాడు పాక గుంజకు వేలాడుతోంది. దాన్ని తీసి భుజాన వేసుకుంది. మరుసటి పొద్దున నల్లా నీళ్లు వచ్చే వంతు.

నీళ్లు వచ్చి అరగంట కాగానే బయలుదేరింది. ఈసారి చేతిలో క్యాన్ లేదు.

"గుడ్డ ఇయ్యి."

"ఏం గుడ్డ?" అంది యశోద.

"నల్లాకు కట్టింది. పిండకు, ఉతకకు. ఉన్నదున్నట్టు ఇయ్యి."

"ఇంటి ఇజ్జత్ బజార్ల ఆరేస్తవా?"

"ఇజ్జత్ గాదమ్మా. మోరీ ఆరేస్తున్న. నా గుడ్డ చూడు ముందుగల." తాడుకు తన పాత చీర ముక్క అప్పటికే వేలాడుతోంది.

యశోద తలుపేసుకుంది. రెండో ఇల్లూ, మూడో ఇల్లూ అంతే. కమాన్ అవతల కుబ్రా మాత్రం ఏమీ అడగలేదు. గుడ్డ విప్పి తనే తాడుకు ముడేసింది. చెప్పులేసుకొని వెంట నడిచింది.

"మా కోడలు ఆసుపత్రిల ఉన్నది. నాకింక ఏం ఇజ్జత్? ఇయ్యి గుడ్డ" అని అవతలి ఇళ్ల ముందు కుబ్రా గొంతు లేచింది. ఇద్దరూ కలిసి ఇవతలికి తిరిగి వచ్చేసరికి యశోద గుమ్మంలో నిలబడి ఉంది, రెండు వేళ్లతో గుడ్డ పట్టుకొని, ముక్కు పక్కకు తిప్పుకొని. "ముడి గట్టిగ వెయ్యి. సార్ ధోతి అది, నాకు మల్ల తిట్లు."

ఇరవై తొమ్మిది గుడ్డలు. లుంగీ ముక్క, ధోతి ముక్క, దుపట్టా, బడి చొక్కా. ఏది కమాన్‌కు ఇవతలిదో ఏది అవతలిదో పోల్చడానికి లేదు. అన్నీ ఒకే నలుపు.

ఆ తాడు పట్టుకొని ముప్పై మందికి పైగా ఆడవాళ్లు నీళ్ల ఆఫీసుకు వెళ్లారు. గేటుకు ఈ చివర నుంచి ఆ చివరకు కట్టారు. నినాదాలు లేవు. వాసనే మాట్లాడింది. చాయ్ తాగి పోయిన సాబ్ దస్తీ ముక్కుకు పెట్టుకొని బయటికి వచ్చాడు. కుబ్రా ఒక్క మాటే అంది: "ఆనాడు మేం మర్యాద చేసినం సాబ్. ఇయ్యాల సచ్ తెచ్చినం."

మూడో రోజు తవ్వడానికి మనుషులు వచ్చారు. గల్లీ అంతా వెతికి, ఆఖరికి రాజమణి పాక ముందే గడ్డపార దింపారు. అక్కడి మ్యాన్‌హోల్ గుండా తాగునీటి పైపు పోతోంది. ఏనాడో ఎవడో మోరీ గుండా పైపు తోసి, పని అయిందని సంతకం పెట్టి పోయాడు. తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. ఆ పైన చెత్త అడ్డుపడి మ్యాన్‌హోల్ నిండి పొంగితే పైపు పూర్తిగా మురికిలో మునిగేది. పనివాళ్లు పారతో ఎత్తి పోసిన దాంట్లో మొదట బయటపడింది గడ్డీ పేడా.

"చూసిండ్రా?" అన్నాడు రామ్‌చందర్. "నేను ముందుగాలనే అనుకున్న. బర్లను ఊరవతలికి పంపాలె."

గల్లీ అంతా ఆమె వైపు తిరిగింది. రాజమణి ఆ పేడ వైపు చూసింది. ఇంత తిరిగింది తన పేరు కడుక్కోవడానికే కదా.

"పేడ నాదే" అంది. "ముప్పయ్యేండ్ల సంది గీ మోరీలకే కడుగుతున్న. ఇగ కడగ."

కుబ్రా గుట్ట దగ్గరికి వచ్చి, పుల్లతో కదిపి, గట్టిపడిన లక్క ఉండ ఒకటి దొర్లించింది. దాని మీద రెండు రాళ్లు ఇంకా మెరుస్తున్నాయి. "ఇది నాది. దాచుకుంటనా?"

"గా దేవుని పూల కవర్లు ఎవరియి సార్?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. రామ్‌చందర్ పక్కకు తిరిగాడు. యశోద కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

పనివాళ్లు చిల్లుకు రబ్బరు చుట్టి, ఇనుప పట్టీ బిగించి వెళ్లిపోయారు. పైపు వేరే దారిన వేయాలంటే పై నుంచి ఆర్డర్ రావాలన్నారు. అది ఎప్పుడని అడిగితే ఆకాశం వైపు చూశారు.

ఫిర్దౌస్ ఇంటికి వచ్చింది, కడుపు నిలిచింది. కుబ్రా గుమ్మంలో మళ్లీ పాల గిన్నె కనిపించింది.

"కలపకు" అంది కుబ్రా.

"కలపకుంటే నీకు అరగదు."

"అయితే కాగబెట్టిన నీళ్లు కలుపు."

అన్ని ఇళ్లూ తిరిగి రాలేదు. తొమ్మిది తలుపులు ఇప్పటికీ మూసే ఉంటాయి. రాజమణి అక్కడ ఆగదు గానీ, నడక నెమ్మది చేస్తుంది. పేడను రోజూ గంపకెత్తి గల్లీ బయటి ఖాళీ జాగాలో పోసి వస్తుంది. ఒక్కోసారి ఓదెలు విసుక్కుంటాడు.

గల్లీలో ఒక్కటి మాత్రం మారింది. నల్లా గుడ్డను ఇప్పుడు ఎవరూ లోపల దాచుకోవడం లేదు. నీళ్ల వంతు అయిపోగానే వీధి తలుపు గొళ్లేనికి కడుతున్నారు. రాజమణి పాలు పోస్తూ వాటిని చూసుకుంటూ పోతుంది. తెలుపు. తెలుపు. కొంచెం మట్టి రంగు, పర్వాలేదు. తెలుపు. చూపు ఒక తలుపు మీద ఉండగానే మనసు తరువాతి తలుపు దగ్గర ఉంటుంది.

మొన్న పొద్దున కుబ్రా తలుపు గొళ్లేనికి ఉన్న గుడ్డ అంచున వేలెడంత నల్లటి చార కనిపించింది. రాజమణి ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది. పక్కింటి గుడ్డ చూసింది. దాని పక్కది చూసింది.

క్యాన్ కుబ్రా అరుగు మీద దించి, తాడు కోసం పాక వైపు నడిచింది.