గానుగ నూనె మీద జంటచిలకలు

మనిషి కొంప మునగాలంటే వంకన్నా పొంగాల, వానన్నా కురవాల. మా అనంతపురం జిల్లాలో ఆ రెండూ యాడ దొరకతాయి చెప్పండి? అందుకే నేను నూనెలో ముంచినా. అదీ పక్కోని బొమ్మ తెచ్చి అతికించి మరీ ముంచినా. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకేం కోపం లేదు. మా నాయన మాత్రం కన్ను మూసేదాకా ఆ సంగతికి ఒక్కసారి కూడా నవ్వలేదు.

కళ్యాణదుర్గం దగ్గర మా ఊర్లో మాకు ఎద్దుగానుగ ఉండేది. నాయన చెనక్కాయ విత్తనాలు పోసి నూనె తీసేవాడు. డబ్బా మీద పేరూ లేదు, బొమ్మా లేదు. ఆడోళ్ళు వచ్చి అరచేతిలో చుక్క వేయించుకొని, వాసన చూసి, నాలిక్కి రాసుకొని "ఊ, పొయ్యన్నా" అనేవాళ్ళు. అంతే మా యాపారం.

ఆ యేడు వానలు ఎగ్గొట్టినాయి. చేతిలో దుడ్లు లేవు, గడ్డి రేటు ఆకాశానికి పోయింది. మాకుండేది ఒకటే గానుగెద్దు, ఎర్రోడని పిలిచేవాళ్ళం.

"ఉన్న నూనె ఉగాదిలోపల అమ్ముడుపోతే ఎర్రోనికి గడ్డి కొందాం. పోకపోతే సంతకు తోలాల్సిందే" అన్నాడు నాయన. కరువు సంతలో ఎద్దును కొనేది సేద్యగాడు కాదు, కసాయోడు. ఆ మాట వినలేక అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని లోపలికి పోయింది.

అప్పుడు లేచినానండీ నేను! అనంతపురంలో ఎస్సెల్సీ పాసై వచ్చినోణ్ణి. మా ఊర్లో అప్పటికి అంత పెద్ద మేధావి ఇంకొకడు లేడు.

"నాయనా, మన నూనెకు మార్కు లేదు. అందుకే పక్క ఊర్లలో పోవడం లేదు."

"మార్కంటే ఏందిరా?"

"బొమ్మ నాయనా! జనానికి బాగా తెలిసిన బొమ్మ!"

ఆ దినాల్లో జంటచిలకల సబ్బు తెలియని కొంప మా సీమలోనే లేదు. ఒక్క అక్షరం రాని ముసలమ్మ కూడా అంగట్లో "చిలకలది ఇయ్యప్పా" అని వేలు చూపించేది. గోడల మీద, బస్సుల వెనక, తిరనాళ్ళలో, యాడ చూసినా ముక్కూ ముక్కూ ఆనించుకున్న రెండు పచ్చ చిలకలే. నేను కళ్యాణదుర్గం పోయి, బోర్డులు రాసే ఆయనతో అచ్చు కోయించి, మా డబ్బాలన్నిటి మీదా ఆ చిలకల్నే దింపించినా.

నాయన అనుమానంగా చూసినాడు. "ఇవి సబ్బోళ్ళ చిలకలు కదరా? ఊరుకుంటారా వాళ్ళు?"

"వాళ్ళది సబ్బు, మనది నూనె. సబ్బు మీద వేస్తే దొంగతనం, నూనె మీద వేస్తే తెలివి. చట్టం నాకు తెలుసులే."

చట్టం నాకేం తెలుసు, నా మొహం! ఆ పుస్తకం అట్ట కూడా చూసినోణ్ణి కాదు. పులిని చూసి నక్క వాత పెట్టుకునిందంటారు. ఆ నక్కే నయం, తన ఒంటి మీదనే పెట్టుకునింది. నేను మా నాయన డబ్బాల మీద పెట్టినా.

మొదట వచ్చింది లక్ష్మత్త. మా గానుగ నూనె తప్ప ఇంకోటి ముట్టని మనిషి. డబ్బా చూసి గడపలోనే నిలబడిపోయింది.

"ఏమన్నా, ఈ చిలకలేంది? సబ్బోళ్ళవి కదా?"

"అవునత్తా, అంత పేరున్న నూనె ఇది!" అన్నా నేను ఛాతీ విరుచుకొని.

"సబ్బు కంపెనీకి యా నూనె పోతాదో నాకు తెలీదా? చేదెక్కి, మనుషులు నోట్లో పెట్టలేనిది పోతాది. దాన్ని మాకు అంటగడతాండారా?"

మా పక్క చేదెక్కిన నూనెను ఎవరూ పారబోయరు, సబ్బు కంపెనీలకు అమ్ముతారు. సబ్బు బొమ్మ ఉన్న నూనె అంటే తినడానికి పనికిరాని నూనె అని మా ఊర్లో పసిబిడ్డకు కూడా తెలుసు. గానుగోని కొడుకును, నాకే తట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే మరి.

"వాసన చూడు లక్ష్మమ్మా, నాలిక్కి రాసుకో" అని నాయన బతిమాలినాడు.

ఆమె చూసింది. "సబ్బు వాసనే వస్తాందన్నా!"

రాలేదండీ, దేవుని మీద ఒట్టు. కానీ కన్ను చిలకల్ని చూసినాక ముక్కు మాట వినేదెవరు? మర్నాటికి ఊరంతా పాకింది. అల్లునికి వడలు వేసి పెడితే నోట్లో నురగ వచ్చిందని ఒకామె. నేను కత్తి తీసుకొని చిలకల్ని గీకినా. తోకలు మిగిలిపోయినాయి. "చూడు, దాచిపెడతాండారు" అన్నారు. డబ్బాలు ఇంట్లోనే ఉండిపోయినాయి. ఎండలకు నూనె నిజంగానే చేదెక్కింది. ఎర్రోని డొక్కలు లోపలికి పోయినాయి.

సంత రోజు పొద్దున నాయన ఎర్రోని పలుపు విప్పతాంటే ఇంటిముందర జీపు ఆగింది. నల్లద్దాలు పెట్టుకున్న ఆయన దిగినాడు. సబ్బు కంపెనీ మనిషి.

"మా చిలకల్ని వేసింది ఎవరు?"

"మాది నూనె సార్, మీది సబ్బు..." అంటా నాయన వెనక్కి జరిగినా.

"సరుకు వేరైతే ఏమయ్యా? ఆ చిలకలు కనపడితే జనానికి మేమే గుర్తొస్తాం. అంత పేరున్న బొమ్మను దేని మీద వేసినా మా సరుకే అనుకుంటారు. జనాన్ని అట్లా మోసపుచ్చితే కోర్టు ఊరుకోదు. ఈ చుట్టుపక్కల మా సబ్బు కొనేవాళ్ళు లేరు, తెలుసా? రుద్దుకుంటే ఒళ్ళంతా నూనె జిడ్డు అవుతుందంట!"

నా చిలకలు ఇద్దర్నీ పొడిచినాయి.

నాయన చేతులు జోడించినాడు. "సామీ, వాడు తెలియక చేసినాడు. కోర్టుకు ఈడ్చొద్దు. మాకుండేది ఈ ఎద్దొకటే, దీన్ని తోలుకొని పోండి."

ఆయన ఎర్రోని డొక్కల వైపు చూసినాడు. నల్లద్దాలు తీసినాడు. ఒక డబ్బా మూత తీసి వాసన చూసినాడు.

"చేదెక్కింది కదయ్యా."

"ఎక్కింది సామీ."

"ఎద్దును కట్టెయ్. ఆ తోకలు కూడా గీకించు. ఇంకెప్పుడూ ఈ పని చేయనని నీ కొడుకుతో ఒట్టు వేయించు. ఈ నూనె మొత్తం మా సబ్బుకు కొంటాం."

లారీ వచ్చింది. ఎర్రోనికి గడ్డి వచ్చింది. నాయన మాత్రం గోడకు ఆనుకొని "మనుషులు తినాల్సిన నూనె సబ్బుకు పోతాందిరా" అని ఏడ్చినాడు. నాయన ఏడవడం నేను అంతకుముందు చూసినోణ్ణి కాదు. సిగ్గుతో చచ్చిపోయినా.

అంతలో వీధిలో లక్ష్మత్త గొంతు, ఊరంతా వినపడేటట్లు: "చూసినారా? కంపెనీ లారీనే వచ్చింది! అది సబ్బు నూనేనని నేను ముందే చెప్పలే?"

అందుకే తలంటుకొని, తడిబట్టలతో ఎర్రోని నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టు వేసినా. పక్కోని చిలకే కాదు, పక్కోని గుర్రం, పక్కోని ఏనుగు, కడాకు పక్కోని చీమ బొమ్మ కూడా ఈ జన్మలో ముట్టను. తలంటుకునింది యా సబ్బుతో అని మాత్రం అడగొద్దండీ, మా ఇంట్లో ఉండేది అదొకటే.