కాక నేర్పిన దుర్బీను

సూరత్ బమ్రోలిలో మా పై గదిలో ఉండే కాక పోయాడని మొన్న పొద్దున కబురొచ్చింది. మొదటి లాక్‌డౌన్ దాటాడు గానీ, ఈ కరోనా రెండో దెబ్బకు ఊపిరి అందలేదట. నాకు రక్తసంబంధీకుడేమీ కాడు. మరమగ్గాలను మేము సాంచెలంటాం; ఏళ్ల తరబడి ఆ సాంచెలు బాగుచేసిన ఫిట్టర్ ఆయన.

కాకకు రెండు గొట్టాల పాత దుర్బీను ఒకటి ఉండేది. దాన్ని విప్పి, తుడిచి, చుక్క నూనె వేసి మళ్లీ బిగించడం ఆయనకు పండుగ. ఎవరైనా ముట్టుకుంటే మాత్రం కయ్యిమనేవాడు.

మొదటి లాక్‌డౌన్‌లో నా భార్యకు జ్వరమొస్తే మైదానం అవతల క్వారంటైన్‌గా మార్చిన బడిలో పెట్టారు. ఫోనులో "నేను మంచిగనే ఉన్న" అనేది. నేను నమ్మితేనా! నా కోసం దాస్తోందని మనసు ఒకటే పీకేది. సాయంత్రాలు ఆమె బడి వరండాలోకి వచ్చేది. మా డాబా మీంచి చీర రంగు తప్ప ఏమీ కనబడేది కాదు. నా అవస్థ చూడలేక కాకే దుర్బీను చేతిలో పెట్టాడు.

నడిమి చక్రం తిప్పాను. ఒక కంటికి తేట, ఒక కంటికి మసక. కుడి కంటి దగ్గర రింగొకటి వదులుగా తగిలింది. సాంచె నడిపే చెయ్యి కదా, వదులుగా ఉన్నదేదైనా బిగించాల్సిందే! చివరిదాకా బిగించేశాను. అంతా ఆగమాగమైంది.

"ఓరి పిచ్చోడా, నట్టనుకున్నవా ఏందిరా దాన్ని?" అని నెత్తి మీద ఒక్కటిచ్చాడు కాక. "నడిమి చక్రం రెండు గొట్టాలను ఒక్కసారే జరుపుతది. దగ్గరిది చూడాలంటే బయటికి, దూరంది చూడాలంటే లోపటికి. రెండు కండ్లు ఒక తల్లి పిల్లలే గని, ఒక్క తీరుంటయా? గా తేడాకే గీ రింగు. జర కుడి కన్ను మూయి. చక్రంతోని ఎడమ కంటికి తేట చేస్కో. ఇగ ఎడమది మూసి, చక్రం ముట్టకుంట రింగు తిప్పు."

తిప్పాను. ఆమె ముఖం కళ్ల ముందుకొచ్చింది. కొంచెం చిక్కింది. కానీ పక్కావిడతో ఏదో చెప్పి పకపకా నవ్వుతోంది. నిజంగానే బాగుంది! నాకు ఏడుపు ఆగలేదు.

"అద్దం తడుపకు," అని గొణిగాడు కాక.

ఇప్పటికీ ఏదైనా బిగించే ముందు నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అది ఆయన పెట్టిన బుద్ధే.

పదిహేను రోజులకు ఆమెను ఇంటికి పంపారు. మైదానంలో కనబడగానే దుర్బీను అందుకున్నాను. ఆమె దగ్గరయ్యేకొద్దీ ముఖం మసకబారుతోంది, నేను చక్రం తిప్పుతున్నాను. సరిగ్గా డాబా కిందికి వచ్చేసరికి చక్రం ఆగిపోయింది. ఎంత తిప్పినా తేట కాదే!

"గింత దగ్గరికొచ్చినంక అద్దమెందుకురా? దించు. ఉరుకు!" అన్నాడు కాక.

దుర్బీను ఆయన చేతిలో పెట్టేశాను. మెట్లు ఎలా దిగానో తెలియదు. ఆమె చెయ్యి పట్టుకుని పైకి చూశాను. వాడకట్టులో అందరి సంగతులూ కావాల్సిన మనిషి, తప్పక మమ్మల్నే చూస్తుంటాడనుకున్నాను. కాక మాకు వీపు తిప్పి, పొగ ఆగిపోయిన ఖటోదరా మిల్లుల వైపు దుర్బీను పెట్టుకుని నిలబడి ఉన్నాడు.