ఇరవై మీటర్ల తాడు, నాలుగు మేకులు

కిందటి కార్తీకమాసం చివర్లో, ఒక మంగళవారం సాయంత్రం, మా చేను చేసే కౌలు రైతు ఫోను చేశాడు. మర్నాడు మా చేలో పంటకోత ప్రయోగం జరుగుతుందని చెప్పాడు. చెప్పేటప్పుడు అతని గొంతులో వినిపించిన హుషారు నాకు నచ్చలేదు.

చేను భీమడోలుకు దగ్గరలో ఉంది. తూర్పు పడమరలుగా తొంభై మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా నలభై. తూర్పు గట్టు వెంట మురుగుకాలువ పోతుంది. కొల్లేరు నిండిన ఏడాది ఆ కాలువ నీరు తీసుకోదు, వెనక్కి ఎగదన్నుతుంది. ఆ ఏడాది వరి గింజ పాలు పోసుకునే వేళ వానలు పడి, కాలువ పక్క పదిహేను మీటర్ల పట్టీ వారం పైగా నీళ్ళలో ఉండిపోయింది. మిగతా చేను బాగానే పండింది.

పంటకోత ప్రయోగమంటే, ఊరు మొత్తానికి నాలుగు చేలు ఎంచుతారు. ఒక్కో చేలో ఐదు మీటర్ల చదరం తాడుతో గుర్తుపెట్టి, అందులో పంట కోసి, నూర్చి, తూస్తారు. నాలుగింటి సగటు మామూలు దిగుబడి కంటే తగ్గితే ఊళ్ళో సాగు చేసినవాళ్ళందరికీ బీమా పరిహారం వస్తుంది. తగ్గకపోతే ఎవరికీ రాదు. వచ్చేది సాగు చేసినవాడికే, నాకు కాదు. పరిహారం రాకపోతే చేను వదిలేసి కొల్లేటికోట వైపు చేపల చెరువుల మీద పనికి పోతానని మా రైతు అప్పటికే రెండుసార్లు అని ఉన్నాడు. అతను పదకొండేళ్ళుగా ఆ చేను చేస్తున్నాడు. బెదిరించే మనిషి కాడు.

ముప్పై నాలుగేళ్ళు తాడేపల్లిగూడెంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పాను. చదరం ఎక్కడ పడాలో ముందుగా ఎవరూ అనుకోకూడదు, కొలవడానికి వచ్చే ప్రభుత్వ మనిషి ఫోనులో రెండు అంకెలు వస్తాయి, నైరుతి మూల నుంచి అంత పొడవూ అంత వెడల్పూ కొలిచి మొదటి మేకు పాతాలి, అని రైతు వివరిస్తుంటే నాకు చింతపిక్కలు గుర్తొచ్చాయి. సంభావ్యత పాఠానికి నేల మీద సుద్దతో పెద్ద చదరం, దాని లోపల చిన్నది గీసి, కళ్ళు మూసుకుని పిక్కలు చల్లమనేదాన్ని. చిన్నదాని వైశాల్యం పెద్దదానిలో ఎన్నో వంతో, దాదాపు అన్నో వంతు పిక్కలు అందులో పడాలి. ఏటా ఎవడో ఒకడు ఒక కన్ను తెరిచి చల్లేవాడు. వాణ్ణి పట్టుకోవడానికి పిక్కలు లెక్కపెట్టుకుంటే చాలు, మొహం చూడక్కర్లేదు. ఇక్కడ ఫోను ఏ కన్ను తెరుస్తుందో ఎవరికి తెలుసు?

అందుకని రాత్రి కూర్చుని లెక్క కట్టాను. మునిగిన పట్టీ పదిహేను, పొడవు తొంభై, అంటే చదరం మునిగిన చోట పడే అవకాశం ఆరో వంతు. రైతు అనుకునేది ఇదే. కానీ మొదటి మేకుకు తూర్పున ఇంకా ఐదు మీటర్ల చేను ఉండాలి కాబట్టి ఆ మేకు ఎనభై ఐదు దాటి పడలేదు. చదరం పూర్తిగా మునిగిన పంటలోనే పడాలంటే మేకు డెబ్బై ఐదుకూ ఎనభై ఐదుకూ మధ్య పడాలి. ఎనభై ఐదింట పది, అంటే పదిహేడింట రెండు. కొంత అటూ కొంత ఇటూగా పడేవి కలిపి చూసినా ఆరో వంతుకు చేరదు. గట్టు వారలకు ఈ పద్ధతిలో ఎప్పుడూ వాటా తక్కువే వస్తుంది. మా వైపు నీళ్ళు నిలిచేదీ గట్టు వారనే. ఇది ఎవరో తెలిసి చేశారా, తెలియక చేశారా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

బుధవారం పొద్దున్న పాసింజరులో భీమడోలు దిగాను. సంచిలో నా సొంత టేపు ఉంది. గుడ్డ టేపులు సాగుతాయి. సాగిన టేపుతో కొలిస్తే చదరం పెద్దదవుతుంది, పంట ఎక్కువ తూగుతుంది, పరిహారం పోతుంది.

వ్యవసాయ సహాయకురాలు పాతికేళ్ళ పిల్ల. అప్పటికే గట్టు మీద ఉంది. మా రైతు భార్య ఆ పిల్లకు మజ్జిగ ఇస్తోంది. అంత మర్యాద ఎందుకో అని నేను చూస్తూనే ఉన్నాను.

"మీరేం రానక్కర్లేదండీ టీచరుగారూ, మేం చూసుకునేవాళ్ళం కదండీ," అన్నాడు రైతు.

"అందుకే వచ్చాను," అన్నాను.

అతని భార్య నవ్వింది. "మావిడాకు తోరణం కట్టేవాళ్ళమండీ, పెళ్ళివారు ఇంతమంది వస్తారని తెలిస్తే."

ముందు ఆ పిల్ల టేపు అడిగి తీసుకుని నా టేపు పక్కన పరిచాను. తేడా లేదు. తర్వాత ఫోను చూపించమన్నాను. నా ఎదుటే నొక్కింది. డెబ్బై రెండు, పద్దెనిమిది అని వచ్చాయి.

"ఇంకోసారి నొక్కు."

"రెండోసారి ఇవ్వదండీ మామ్మగారూ. నచ్చేదాకా నొక్కుతామనే కదండీ ఇవ్వనిది."

సమాధానం బాగుంది. అనుమానం అక్కడ కాస్త తగ్గింది. నా పదిహేడింట రెండు సంగతి కూడా చెప్పాను. శ్రద్ధగా విని, "నిజమేనండీ, కానీ రూలు అదేనండీ, నేను మార్చలేను," అంది. మార్చలేనన్నది నిజమే. రాసి పైకి పంపమన్నాను. పంపుతానంది.

డెబ్బై రెండు నుంచి డెబ్బై ఏడు దాకా చదరం వస్తుంది. మూడు మీటర్లు మంచి పంట, రెండు మీటర్లు మునిగిన పంట. ప్రభుత్వపు తాడుకు ఐదేసి మీటర్లకు ఒక కడియం, మొత్తం ఇరవై మీటర్లు, నాలుగు మేకులు. పడమటి మేకులు రెండూ ఆ పిల్ల పాతింది. తూర్పు మేకులు బురదలో పాతాలి, అవి రైతు తీసుకుని చేలోకి దిగాడు. మొదట పాతినచోట నిలవలేదు, మళ్ళీ పీకి పాతాడు. ఆ పిల్ల టేపు పట్టుకుని చుట్టూ తిరిగి నాలుగు పక్కలూ చూసింది. ఐదు, ఐదు, ఐదు, ఐదు.

"సరిపోయిందండీ. కోతకు దిగమనండి," అంది.

ఇద్దరు కూలీలు కొడవళ్ళతో లేచారు. నేను గట్టు మీద నుంచి చూస్తున్నాను. నడుమెత్తు వరిలో తాడు సరిగ్గా కనిపించదు. కానీ తూర్పుకు పోయే తాళ్ళు రెండూ దక్షిణపు గట్టుకు సమంగా లేవని అనిపించింది. ఎండకు కళ్ళు అలా చూపిస్తున్నాయేమో అని కూడా అనిపించింది.

"ఆగండి. కర్ణాలు కొలిచారా?"

"చుట్టుకొలత ఇరవై వచ్చింది కదండీ," అంది ఆ పిల్ల.

ఈ మాట నేను ఎన్ని వందల నోళ్ళ నుంచి విన్నానో. క్లాసులో దారంతో ఉచ్చు వేసి నలుగురు పిల్లల వేళ్ళకు తగిలించి, ఇద్దర్ని పక్కకు జరగమనేదాన్ని. దారం అంతే ఉంటుంది, లోపలి చోటు తగ్గిపోతూ వస్తుంది, చివరకు దారానికి దారం తగులుతుంది. చూసినంతసేపూ తల ఊపి, పరీక్షలో మళ్ళీ చుట్టుకొలత సమానం కాబట్టి వైశాల్యం సమానం అని రాసేవాళ్ళు.

"ఈ మూల నుంచి ఆ మూలకు పట్టు," అన్నాను.

ఒక మూల నుంచి ఎదురు మూలకు ఎనిమిది మీటర్లకు రెండు వేళ్ళు తక్కువ. రెండో జత మూలల మధ్య ఆరుకు రెండు వేళ్ళు ఎక్కువ. చదరమైతే రెండూ ఏడు మీటర్ల ఏడు సెంటీమీటర్లు రావాలి. ఎనిమిదిని ఆరుతో హెచ్చవేసి సగం చేస్తే ఇరవై నాలుగు. ఇరవై ఐదు చదరపు మీటర్లలో ఒకటి పోయింది. రైతు తూర్పు మేకులు రెండింటినీ కలిపి ఉత్తరానికి జరిపి పాతాడు. తాడు బిగువుగానే ఉంది, పక్కలు ఐదేసే ఉన్నాయి.

చోటు తగ్గితే తూకం తగ్గుతుంది. తూకం తగ్గితే పరిహారానికి దగ్గరవుతుంది. పొద్దుటి నుంచి నేను అవతలివాళ్ళు ఎక్కడ కోస్తారా అని కాపు కాశాను. కోత మా వైపు నుంచే వచ్చింది.

రైతు నా వైపు చూడలేదు. "మెత్తగా ఉందండీ అక్కడ. గట్టి నేల చూసి పాతానండీ."

ఉండొచ్చు. బురద నిజమే, మోకాలి దాకా ఉంది. కానీ రెండు మేకులూ ఒకే వైపుకు, ఒకే అంత జరగడం బురద పనో, మనిషి పనో నేను చెప్పలేను.

అతని భార్య గట్టు దాకా వచ్చి గొంతు తగ్గించింది. "ఒక్క మీటరేనండీ. ఆ మునిగిందంతా ఎవరూ లెక్కలోకి తీసుకోరని మీరేగా అన్నారు ఇందాక. మాకు రావలసిందే అటు పోతే, ఇంత ఇటు వస్తే తప్పేంటండీ?"

ఆవిడ లెక్కలో తప్పు లేదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. అటు పోయిన వాటా, ఇటు మిగిలిన మీటరు, రెండూ కలిపి చూస్తే ఆవిడ అన్నంత అన్యాయమేం కాదు. సహాయకురాలు టేపు చుట్టుకుంటోంది. నేను ఊరుకుంటే తనూ ఊరుకుంటుందని అర్థమైంది. కూలీలు నిలబడి ఉన్నారు.

"రూలు తప్పయితే రూలు మీద రాద్దాం. తాడు వంకరగా పెట్టి రాయలేం," అన్నాను. "కర్ణాలు రెండూ సమానం అయ్యేదాకా జరపండి."

"మీరు ఎవరి వైపండీ?" అన్నాడు రైతు. గొంతు పెంచలేదు. నేను తూర్పు మేకులు చూపించాను. అతను దిగి మేకులు పీకాడు. ఈసారి బురదలో కర్రముక్క అడుగున పెట్టి పాతితే నిలిచాయి. నిలుస్తాయని మొదటిసారే తెలియదా అని నాకు అనిపించింది.

కోసి, నూర్చి, తూచారు. పన్నెండు కిలోల ఏడు వందల గ్రాములు. ఆ పిల్ల ఫోనులో ఎక్కించింది. మంచి పంట అయితే పదహారు దాకా రావాలి. ఇది తగ్గినట్టే. కానీ నాలుగింటి సగటు కదా. మిగతా మూడు చేలు ఎలా తూగుతాయో ఎవరికి తెలుసు. స్టేషనుకు ఎప్పుడూ రైతే బండి మీద దింపేవాడు. ఆ రోజు ఆటో మాట్లాడి పంపించాడు.

వేసవి దాకా ఫోను లేదు. చేను వదిలేస్తాడనే అనుకుని, ఇంకెవరికి ఇవ్వాలా అని ఆలోచిస్తున్నాను. వైశాఖంలో ఒక పొద్దున్న చేశాడు.

"పరిహారం పడిందండీ టీచరుగారూ. ఊరందరికీనండీ. వానలు పడగానే సార్వాకి నారు పోస్తానండీ."

సంతోషం అన్నాను. నిజంగానే అనిపించింది. ఆ సంతోషం పూర్తి కాకుండానే అడిగాను.

"మిగతా మూడు చేలల్లోనూ కర్ణాలు కొలిచారా?"

వెనక భార్య ఏదో అంటోంది.

"అడగమంటారా అండీ?"

"అడుగు."

"సరేనండీ," అన్నాడు. ఇప్పుడు సార్వా నాట్లు అయిపోయాయి. వారానికోసారి ఫోను చేస్తున్నాడు. ఎరువు సంగతి, నీటి సంగతి, కాలువ పూడిక సంగతి చెబుతాడు. కర్ణాల సంగతి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.