భూదేవి వదిన అన్న మాట

ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. మా పక్కింటి భూదేవి వదిన, మేం పొట్టకూటికి వలస వచ్చిన ఉధ్నాలో, మరమగ్గాల చీరలకు ఇంట్లో కూర్చుని దారాలు కత్తిరించే మనిషి. భర్త పోయాక ఆమెకు మిగిలింది కొడుకు చిరంజీవి ఒక్కడే.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయి, పనీ చదువూ లేక తిరుగుతున్న ఆ పదిహేనేళ్ల వెధవ, మరో ఇద్దరితో కలిసి మూతపడ్డ కార్ఖానాలో మోటారు ఎత్తుకొచ్చి దొరికిపోయాడు. తప్పే, కాదనను. మొదటి తప్పు కదా, పిల్లల కేసులు చూసే బోర్డు మందలించి తల్లికి అప్పగిస్తుందని వకీలమ్మ ధైర్యం చెప్పింది.

బోర్డు ముందు వదిన చేతులు జోడించి, వచ్చిన హిందీలో మొరపెట్టుకుంది. "సాబ్, వీడు ఇగ నీ కొడుకే అనుకో. కండ్లు ఇడిసిపెట్టి తోలు ఒలువు. నీ దగ్గెర్నే ఉంచుకొని బుద్ధి చెప్పు."

మన దగ్గర బడిలో వేసినా, మగ్గం పనిలో పెట్టినా తల్లిదండ్రులు అనే మాటే అది. దయ చూపమని అడిగే తీరు. విన్న పంతులు నవ్వి, పిల్లవాడి నెత్తిన ఒక్కటి మొట్టి ఊరుకుంటాడు. ఇక్కడెవరు నవ్వారు? 'కొడుకు చెప్పిన మాట వినడనీ, తమ దగ్గరే ఉంచుకోమనీ తల్లే కోరింది' అని ఆర్డరులో రాసి, ఏడాది పాటు, తప్పు చేసిన పిల్లల్ని ఉంచే స్పెషల్ హోమ్‌కు పంపేశారు.

"నిజంగ ఉంచుకొమ్మని నేనెందుకంట! కడుపుల పెట్టుకొని సాదిన పోరణ్ణి!" అని వదిన గుండెలు బాదుకుంది.

పై కోర్టులో అప్పీలు వేశాం. ఇక చూడండి నా సామిరంగా! కోర్టు మూత. తెరిస్తే జడ్జికి కరోనా. ఆయన కోలుకుంటే ఫైలు రాలేదు. రెండో వేవ్‌లో మళ్లీ మూత. అడిగినప్పుడల్లా వకీలమ్మ "తారీఖ్ పడింది" అని మరో వాయిదా చెబుతుంది, పాపం ఆమె మాత్రం ఏం చేస్తుంది! ఈలోగా ఏడాది గడిచింది. చిరంజీవి మూతి మీద నూనూగు మీసంతో ఇంటికొచ్చాడు. అడిగితేనే మాట, లేకపోతే గోడవైపు తిరిగి పడుకోవడం.

ఆ తర్వాత వచ్చింది మా అప్పీలు, ఫోన్ మీద విచారణ! వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వదిన తెరలో జడ్జికి దండం పెట్టింది.

"పిల్లవాడు ఇంటికొచ్చేశాడు. తేల్చడానికేమీ లేదు. ఫైలు మూసేస్తున్నాం" అన్నాడాయన.

"సాబ్, జర ఆగున్రి. నేను ఉంచుకొమ్మన్ననని రాసిన్రు. గా మాట కొట్టెయ్యున్రి."

"ఆ మాట నువ్వు అన్నావా, లేదా?"

"అన్న సాబ్, గని..."

"అన్నావు కదా. కొడుకు వచ్చాడు, ఇంకేం కావాలి?" తెర నల్లబడింది.

నాకు ఆ ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. వదిన కొడుకు వైపు తిరిగి, వాడి భుజం మీద చెయ్యి వెయ్యబోయింది. వాడు పక్కకు జరిగాడు.

"హోమ్‌ల సారు ఆర్డరు చదివి చెప్తే ఝూట్ అనుకున్ననమ్మా. నువ్వు అనలేదని అందరితోని లడాయి పెట్టుకున్న" అని చెప్పులు వేసుకుని బయటకు వెళ్లిపోయాడు.