పదేళ్లు చెరగని ముగ్గు

నాయనమ్మ ఈ ఏడు ముగ్గు వేసేలా లేదు కాబట్టి గోడకి స్టిక్కరు అంటిద్దామని పిన్ని అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. వీడియో కాల్‌లోనే అరిచాను. పిన్ని తాపీగా, బరంపురం బజారులో కొన్న ప్లాస్టిక్ లక్ష్మి పాదాల పాకెట్టు కెమెరా ముందు ఆడించింది.

"మరేటి సెయ్యమంటావు? ముసల్దాని కుడిసెయ్యి వొణుకుతోంది. నువ్వొచ్చి ఏస్తావేటి?"

"వేస్తాను" అన్నాను. కోపంలో నేను ఒప్పుకున్న పనులన్నీ రాసి పెట్టుకుంటే ఫోన్ మెమరీ చాలదు.

మాది ఒడిశాలో పాత్రపూర్ పక్క పల్లె. నేను మాత్రం పుట్టి పెరిగింది బరంపురంలోనే. ఊళ్లో ఇంటి వెనక మట్టిగోడల ధాన్యం కొట్టు ఉంది. మార్గశిరంలో లక్ష్మివారం, అంటే గురువారం వచ్చిందంటే, ముందురోజే ఆ గోడ అలికి బియ్యప్పిండి నీళ్లతో ముగ్గేస్తారు. వీధిలో అందరివీ తామరపూలు, వరికంకులు. మా గోడ మీద మాత్రం బొంత ఉంటుంది. నాయనమ్మ వాళ్లమ్మ పాత చీరల ముక్కలతో కుట్టిన బొంత అది. గళ్లు గళ్లుగా ఉండి, చుట్టూ బరంపురం పట్టుచీర అంచులో ఉండే గోపురాల వరస. అసలు బొంతను ఎలకలు ఎప్పుడో తినేశాయి. నాయనమ్మ దాన్ని గుర్తుపెట్టుకుని గోడ మీద వేస్తూ వచ్చింది. ఇప్పుడు ఆ బొంత ఉన్నదల్లా అక్కడే, ఏడాదికి ఒక్క నెల. ఆవిడ చెయ్యి ఆగిపోతే అదీ లేదు.

నాకు ముగ్గు రాదు. కానీ ఫోన్‌లో చూశాను, ఎక్కడో విదేశాల్లో రైతులు తమ ఇళ్లలోని బొంతల డిజైన్లను పెద్ద చెక్కల మీద రంగులతో వేసి, ధాన్యం కొట్లకి తగిలిస్తారట. ఇంకేం కావాలి? నాలుగడుగుల ప్లైవుడ్, ఎనామిల్ పెయింట్ డబ్బాలు, టేపు కొన్నాను. నిరుడు తీసిన గోడ ఫొటో ముందు పెట్టుకుని రెండు రోజులు మేడ మీద కూర్చుని వేశాను. నాయనమ్మ గీతలకంటే నావే తిన్నగా ఉన్నాయనిపించింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు, స్టేటస్‌లో పెట్టానంతే.

మొదటి లక్ష్మివారానికి ముందురోజు బస్సెక్కాను. చెక్కను సీట్ల మధ్య నిలబెట్టగానే వెనకాయన "క్యారమ్ బోర్డా అమ్మా?" అన్నాడు. కాదన్నాను. పక్కాయన కళ్లజోడు సర్దుకుని "ఏ పార్టీ గుర్తిది?" అన్నాడు. కండక్టరు దానికి సగం టికెట్టు కొడతానన్నాడు.

"మా ముత్తవ్వ బొంతండీ ఇది" అని గట్టిగా అన్నాను.

బస్సంతా కాసేపు నన్నూ చెక్కనూ మార్చి మార్చి చూసింది. కండక్టరు మళ్లీ నా వైపు రాలేదు.

ఇంటికి చేరేసరికి పిన్ని గోడ అలికేసి ఉంది. స్టిక్కర్లు ఇంకా చేతికందేలాగే పెట్టుకుంది. నాయనమ్మ చెక్క చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో గళ్లు లెక్కపెట్టింది.

"అన్నీ ఉన్నాయే" అంది. నేను వీడియో తీయడం మొదలుపెట్టాను.

"ఎన్నాళ్లుంటాదే ఇది?"

"పదేళ్లు. ఎండకీ వానకీ ఏమీ అవదు."

ఆవిడ ముఖం మారింది. "మరి పై లచ్చివారం ఏటేస్తాం?"

"వెయ్యక్కర్లేదు. ఉంటుందిగా."

"ఆ పై లచ్చివారం?"

"అప్పుడూ ఇదే నాయనమ్మా. అదే కదా దీని గొప్ప."

"అయితే లచ్చిందేవికి ఒక్కపూట వొండిన కూడే పదేళ్లు పెడతావేటే? పాసిపోదూ?"

పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. పాచి ముగ్గు! రెండు రోజుల నడుంనొప్పికి నాకు దక్కిన బిరుదు.

"అయితే నువ్వే వేసుకో, ఆ వణుకు చేత్తో" అనేశాను.

అన్నాక నాలుక కరుచుకున్నాను. నాయనమ్మ కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఫోన్‌లో వీడియో ఇంకా నడుస్తోంది. ఆపేశాను.

కాసేపటికి ఆవిడే లేచింది. పిండి గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"ఫోను పిన్నికియ్యి. నీ సెయ్యి వొణకదు కదా, నువ్వెయ్యి."

వేళ్లు ముంచాను. "అంత ముంచీకు, పాయసమేటి అది తాగడానికి?" అంది. పిండి నీళ్లు మోచేతి దాకా కారాయి. మొదటి వరస ఎడమకి ఒరిగింది. రెండోది దాన్ని చూసి నేర్చుకుంది.

"ఈ గడేటే, కోడు ఇరిగిన మంచంలాగుంది?"

"తుడిచేయనా?"

"తుడవకూడదు. పక్కన మంచిదెయ్యి, దీన్నెవులూ సూడరు."

మంచి గడి వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. గోపురాల దగ్గర మాత్రం నా వేలు మొరాయించింది. ఎంత వేసినా అవి గోపురాల్లా కాకుండా బూందీలా పడుతున్నాయి. నాయనమ్మ "జరుగు" అని, స్టూలు మీద కూర్చుని వేలు గోడకానించింది. చెయ్యి వణుకుతూనే ఉంది. ఆవిడ దాన్ని ఆపే ప్రయత్నమేమీ చేయలేదు, మెల్లగా పక్కకి జరుపుకుంటూ పోయింది. కిందకీ పైకీ, కిందకీ పైకీ, గోపురాలు వాటంతటవే పడిపోయాయి.

"సూసేవా, దీనికిదే బాగుంది" అంది, తన చేతి వైపు కొత్తగా చూసుకుంటూ.

పిన్ని స్టిక్కర్ల పాకెట్టు బీరువాలో పెట్టేసింది. నా చెక్కను మేక లోపలికి రాకుండా కొట్టు గుమ్మానికి అడ్డం పెట్టింది. చాలా బాగా సరిపోయింది.

గురువారం పొద్దున్నే పక్కింటి ఒడియా ఆవిడ వచ్చి గోడ ముందు నిలబడింది. "ఏ ఝోటి కిఏ పకేఇలా?" అంది, ఈ ముగ్గు ఎవరేశారని.

"అంచు నాది. గళ్లు మా మనవరాలివి" అంది నాయనమ్మ. "వొంకర్లున్నాయి, తెలుసు. పై లచ్చివారానికి సరవుతాయి. ఆ పై వారానికి ఇంకా బాగుంటాయి."

నన్నెవరూ అడగలేదు. ఆఫీసులో నేను పెట్టింది రెండు రోజుల సెలవు. నెలలో ఇంకా మూడు లక్ష్మివారాలున్నాయి. కోపం రావలసిన చోటే ఇది. గోళ్లలో ఎండిపోయిన పిండి గోక్కుంటూ, వచ్చే బుధవారం పొద్దున్న బరంపురం నుంచి ఇక్కడికి మొదటి బస్సు ఎన్నింటికని పిన్నిని అడిగాను.