టిఫిన్ డబ్బాలో తీగలు

ఈ రోజు పొద్దున శంషాబాద్ ఎయిర్‌పోర్టులో స్కానర్ దగ్గర నా బ్యాగును పక్కకు తీశారు. అందులో మా ఊరు కనకమామిడిలో, ఇంట్లో నేనే తయారుచేసిన పెట్టె ఉంది. ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో బ్యాటరీ, సిమ్ కార్డు, రంగురంగుల తీగలు. పొలంలో కరెంటు రాగానే అది మా బాపు ఫోన్‌కు మిస్డ్ కాల్ ఇస్తుంది. మధ్యాహ్నం పుణెలో ఒక కంపెనీకి చూపించాలని తీసుకెళ్తున్నాను.

సెక్యూరిటీ ఆఫీసర్ మూత తీసి, తీగలు చూసి రెండడుగులు వెనక్కి జరిగాడు. ఇంకో ఇద్దరు వచ్చి నా వెనక నిలబడ్డారు.

“ఏందమ్మా ఇది?”

“బోరు మోటరు కోసం సార్. కరెంటొస్తే మా బాపుకు ఫోన్ జేస్తది.”

“ఏదీ, చేసి చూపించు.”

టెస్ట్ బటన్ నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది. అర నిమిషానికి ట్రేలో ఉన్న నా ఫోన్ మోగింది. చేసింది బాపు. ఆఫీసర్ స్పీకర్ పెట్టమన్నాడు.

“బిడ్డా, కరెంటొచ్చినట్టున్నది! చేవెళ్ల మార్కెట్ల ఉన్న. టమాటలు గిట్లనే ఇడిచిపెట్టి మోటరెయ్య ఉరుకుతున్న!”

ఫోన్ కట్టయింది. పెట్టెను పొలంలోంచి ఊడదీసి తెచ్చిన సంగతి ఆయనకు చెప్పడం మరిచిపోయాను.

ఆఫీసర్ మూత పెట్టి డబ్బా నా చేతికిచ్చాడు. “ముందు మీ నాయనకు చెప్పు తల్లీ. పొలంకాడికి పోయి పరేషాన్ అయితడు.”

నేను ఫోన్ చేసేసరికి బాపు బస్సెక్కేశాడు.

పుణెలో పెట్టె బాగానే పనిచేసింది. బాపు మాత్రం సాయంత్రం నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. అలిగిన బాపును బుజ్జగించడం తెలిసినవాళ్లు ఉంటే కింద రాయండి.