బండి గెలిచిందన్నవారికి

మా పక్కింటి బాబాయి పోయాడు. నిన్న పొద్దున తెనాలి టాక్సీ స్టాండులో బండి అద్దం తుడుస్తూ తుడుస్తూ, గుడ్డ చేతిలో ఉండగానే మడ్‌గార్డుకి ఆనుకుని కూర్చుండిపోయాడట. కబురు తెచ్చిన డ్రైవరు మా గుమ్మంలో నిలబడి, "తమ్ముడూ, మీ బాబాయి ఇంక లేడు" అన్నాడు.

మాకు ఆయనతో చుట్టరికం లేదు. వాళ్ళు సాయిబులు, మేం రైతులం. మధ్యలో ఒక పిట్టగోడ. అయినా నాకు మాటలొచ్చినప్పటి నుంచీ ఆయన బాబాయి, వాళ్ళావిడ పిన్ని.

ఈ నాలుగు ముక్కలూ ఏడవడానికి రాయడం లేదు. కోపంతో రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం, బాబాయిని ఇంకా ఇంట్లోంచి తీయలేదు, పిన్ని ఏడుపు వీధిలోకి వినబడుతూనే ఉంది. పరామర్శకని కారులో వచ్చిన ఒక మిల్లు యజమాని ఆ గుమ్మం ముందే నలుగురితో అన్నాడు: "మంచివాడే పాపం. నా బండి దొరికింది కాబట్టి అంత పేరొచ్చింది." పక్కనున్న పెద్దమనుషులు తలలూపారు. నేను ఊపలేదు.

బాబాయిని అణకువగల మనిషిగా ఊహించుకోకండి. ఇస్త్రీ నలగని చొక్కా, అత్తరు, మెలితిప్పిన మీసం. "నాలాగా గేరు మార్చేవాణ్ణి ఈ జిల్లాలో చూపించు, మీసం తీయించుకుంటా" అని స్టాండు మధ్యలో నిలబడి సవాలు చేసేవాడు. బూట్లు అద్దంలా మెరిసేవి. కానీ స్టీరింగు ముందు కూర్చున్నాడంటే అవి సీటు కిందికి పోవాల్సిందే. "ఇంజను మాట అరికాలికి వినబడుద్దిరా. మధ్యలో తోలు దేనికి?" అనేవాడు.

అంత దూకుడు మనిషి దుగ్గిరాల రోడ్డులో పసుపు బళ్ళు ఎదురైతే హారన్ కొట్టేవాడు కాదు. వెనక సీట్లో ప్లీడరుగారు తొందరపెడితే, "ఎద్దులు బెదిరితే బండి కాలవలో పడుద్దండి. మీ వాయిదా కోసం వాళ్ళ పసుపు తడవాలా?" అని నెమ్మదిగా వెనకే నడిపేవాడు.

అప్పట్లో నేను దొరికిన కరపత్రమల్లా చదివి ఆయన మీద ప్రయోగించేవాణ్ణి. ఒకసారి పిట్టగోడ మీద కూర్చుని, "బాబాయ్, యంత్రం ఒట్టి ఇనుము. గెలుపంతా శ్రామికుడిదే" అన్నాను.

"నువ్వెప్పుడన్నా గేరు రాడ్డు ముట్టుకున్నావంట్రా?"

"లేదు."

"మరి నోరుమూసుకో. బండి మంచిదైతే సగం పని అయిపోయినట్టే. కాదన్నవాడు అబద్ధాలకోరు. మిగతా సగం మాత్రం నాది. దాని మీద ఎవడన్నా చెయ్యేశాడో, ఊరుకోను."

ఊరుకోలేదు కూడా. ఒక చలికాలం బాపట్ల దగ్గర సూర్యలంక ఇసకలో కార్లున్న ఆసాములంతా కలిసి పందెం పెట్టారు. ఈ మిల్లు యజమాని మద్రాసు నుంచి సీమకారు, అంటే విలాయతీ బండి, తెప్పించాడు. ఆయనకు తోలడం రాదు, బాబాయిని పెట్టుకున్నాడు. తడి ఇసక ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ లాగేస్తుందో బాబాయి ముందురోజే ఉత్తకాళ్ళతో నడిచి చూసుకున్నాడు. మిగతా కార్లు మలుపులో కూరుకుపోయి బుసలు కొడుతుంటే, ఈయన అలల అంచునే గీత గీసినట్టు వచ్చేశాడు.

పూలదండ బానెట్‌కి వేశారు. కప్పు యజమాని చేతికిచ్చారు. బాబాయి భుజం మీద ఒక తువ్వాలు కప్పారు. "నా బండి ముందు ఎవడి బండీ నిలవదు" అని యజమాని మైకులో అన్నాడు. బాబాయి తాళంచెవి తీసి బానెట్ మీద, ఆ దండ మధ్యలో పెట్టాడు.

"బండే గెలిచిందన్నారుగా. ఇంటికి కూడా దాన్నే వెళ్ళమనండి."

జనం గొల్లుమన్నారు. పందెం చూడ్డానికి వెంటవెళ్ళిన నేనూ, బాబాయీ బాపట్ల రోడ్డు పట్టాం. నేను గాల్లో తేలుతున్నాను. ఇంతలో వెనక కేకలు: పోటొస్తోంది, నీళ్ళు కారు చక్రాలను తాకుతున్నాయి. ఎవరో స్టార్టు చేసి, గింజుకుని, ఇంకా లోతుకు దించేశారు. బాబాయి ఆగాడు.

"మునగనీ బాబాయ్!" అన్నాను.

"అదేం చేసిందిరా పాపం?" అని బూట్లు నా చేతికిచ్చి పరుగెత్తాడు. టైర్లలో గాలి కొంత వదిలి, పసిబిడ్డను లేపినట్టు వెనక్కి లాక్కొచ్చి గట్టు మీద పెట్టాడు. తాళంచెవి యజమాని చేతిలో పెట్టి, "ఇది మీకోసం కాదండి, దానికోసం" అన్నాడు. మళ్ళీ ఆ బండి ఎక్కలేదు. ఇంకో డ్రైవరు దొరికేదాకా యజమాని ఆ సాయంత్రమంతా వెనక సీట్లోనే కూర్చున్నాడట.

మరుసటి ఏడు అదే కారు కొత్త డ్రైవరుతో మళ్ళీ గెలిచింది. "చూశారా, బండి మహిమ!" అని తెనాలి అంతా ఒకటే మోత. నేను రగిలిపోతూ పిట్టగోడ దగ్గరికెళ్తే బాబాయి అడిగిన మొదటి మాట: "తోలిందెవరు?"

నాకు తెలియదు. వీధిలో ఎవరికీ తెలియదు.

"ఈసారి నా సగం కాదురా, వాడి సగం తినేశారు. వెళ్ళి పేరు కనుక్కునిరా."

అతనిది రేపల్లె వైపని మాత్రం ఎవరో అన్నారు. రేపల్లె పాసింజరెక్కి వెళ్ళాను. సుబ్బారావు, పెనుమూడివాడు. ఆ మర్నాటి నుంచి బాబాయి స్టాండులో, "సుబ్బారావు గెలిచాడంట, విన్నారా?" అని కనిపించిన ప్రతివాడినీ అడిగేవాడు. పోటీదారుడి పేరు అంత గొంతుతో చెప్పినవాణ్ణి నేనింకెవర్నీ చూడలేదు.

బాబాయి పేరు మాత్రం నేనిక్కడ రాయను. తెలియని పెద్దమనుషులు స్టాండుకి వెళ్ళి, అడిగి తెలుసుకోవాలి.

నిన్న సాయంత్రం అసర్ నమాజు వేళకు జనాజా లేపారు, పాడె వెనక కొమ్ము ఒకటి నా భుజం మీద. యజమాని అప్పటికే తన మాట అనేసి కారు వెనక సీట్లో కూర్చుని, "పోదాం పదవయ్యా" అన్నాడు. స్టీరింగు ముందు ఉన్నది సుబ్బారావే. అతను ఇంజను ఆపాడు. చెప్పులు విప్పి సీటు కిందికి తోశాడు. దిగి, తాళంచెవి బానెట్ మీద పెట్టి, వచ్చి నా ముందు కొమ్ముకి భుజం ఆనించాడు.

"ఉద్యోగం పోద్ది అన్నా" అన్నాను మెల్లగా.

"పోనీలే తమ్ముడూ. నడువు."

వీధి మలుపులో ఒకసారి వెనక్కి చూశాను. బానెట్ మీద తాళంచెవి ఎండకి మెరుస్తోంది. యజమాని వెనక సీట్లోంచి ముందుకి వంగి హారన్ నొక్కుతున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు. మద్రాసు నుంచి తెప్పించిన సీమకారు. అంగుళం కదల్లేదు.